ఎండీ అనే మత్తు మందు వాడే కొడుకుని తల్లే పోలీసులకు పట్టియ్యాలా? అసలు వాడకం నేరంగా ఉండాలా?

ధర్మాబాద్ మెడికల్:

నాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మెడికల్ షాపు నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, గల్లా దగ్గర ఎవరు ఏది మాట్లాడితే అది.

మా మిర్చి మార్కెట్లో తొడిమలు తీసే పనికి పోయే ఒక అమ్మ ఉంది. నెలనెలా బీపీ గోళీలకు నా దగ్గరికే వస్తుంది. మొన్న వచ్చి గోళీలు అడగలేదు. గిరాకీ పలచబడేదాకా పక్కన నిలబడింది. తర్వాత కొంగు ముడి విప్పి చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి కౌంటర్ మీద పెట్టింది. జిప్ ఉన్న పొట్లం, బొటనవేలంత కూడా లేదు. లోపల పటిక నలగ్గొట్టినట్టు తెల్లటి పలుకులు.

"కొడుకు ప్యాంటు ఉతకబోతే దొరికింది సేఠ్. ఇదేం మందు?"

కొడుకు పుణె వైపు కంపెనీలకు సరుకు తోలే టెంపో డ్రైవర్. ఇంటికొస్తే రెండు రాత్రులు కన్ను మూయడట, ఊరికే పళ్లు కొరుకుతాడట. ఆ తర్వాత పడుకుంటే లేపినా లేవడట. పండగకు కొన్న ఇత్తడి గుండిగ కూడా అమ్మేశాడు. నేనేం ల్యాబ్ కాదు, చూసి చెప్పలేను. కానీ ఆమె చెప్పిన లక్షణాలన్నీ ఎండీవే. మెఫెడ్రోన్. మహారాష్ట్రలో ఉండేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. కేంద్రం దాన్ని 2015లోనే మత్తు మందుల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది.

నేను పొట్లం ముట్టుకోలేదు. షాపు లైసెన్సు కళ్ల ముందు కనిపించింది. ఆమె దాన్ని మళ్లీ కొంగున కట్టుకుని, "స్టేషన్‌కు పోయి చెప్పనా? నాలుగు తగిలిస్తే దారికొస్తాడేమో" అంది. ఒక్క క్షణం ఆగి, "జైల్లో వేస్తారా?" అని కూడా తనే అడిగింది. రెండ్రోజులాగి రా అమ్మా అన్నాను.

అప్పటినుంచి ఇదే ఆలోచన. పోర్చుగల్‌లో 2001 జులై నుంచి హెరాయిన్, కొకైన్ సహా ఏ మత్తు మందైనా సొంత వాడకానికి పది రోజులకు సరిపడా దగ్గరుంటే అది క్రైమ్ కాదు. కోర్టుకు కాదు, ముగ్గురు మనుషుల కమిటీ ముందుకు పంపుతారు. అమ్మితే మాత్రం జైలే. మా పెదనాన్న కొడుకు ఇక్కడా అదే చెయ్యాలంటాడు. మా బామ్మర్ది కాల్చిపారెయ్యాలంటాడు. ఇద్దరూ ఫ్యామిలీ గ్రూపులోనే ఉన్నారు కాబట్టి నా ఫోన్‌కు రెస్టు లేదు.

నా సంగతికొస్తే, ఆందోళనకు, నిద్రకు వాడే ఆల్ప్రాజోలం లాంటివి ఇచ్చినప్పుడల్లా షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్‌లో డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చానో రాస్తాను. మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా వస్తే ఇవ్వను. దానికి షాపు ముందు తిట్లు కూడా తింటాను. కానీ మా బార్డర్ పల్లెల్లో కల్లులో కలిసే ఆల్ప్రాజోలం నా ర్యాక్‌లోంచి పోవడం లేదు కదా! అది పొడి రూపంలో, కిలోల లెక్కన, ఎక్కడో దొంగ ఫ్యాక్టరీల్లో తయారై వస్తుంది. రిజిస్టర్ రాసేది నేను, మత్తులో ఊగేది ఊరు.

చట్టం తీసెయ్యాలా, ఉంచాలా? ఆ అమ్మకు ఏం చెప్పాలి? పుస్తకాల్లో చదివింది కాదు, చూసినవాళ్లు చెప్పండి.

సిరొంచ అంగన్‌వాడీ:

అన్నా, చట్టం తీసెయ్యమనేవాళ్లలో మత్తు మనిషితో కాపురం చేసినవాళ్లు ఎంతమంది?

మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. ఎవరో పైనుంచి ఇచ్చింది కాదు, జనం కొట్లాడితే వచ్చింది. మా సిరొంచ నుంచి వంతెన దాటితే కాళేశ్వరం. దాటి తాగొస్తారు, తెలుసు. ఇప్పసారా ఊళ్లోనే కాస్తారు, అదీ తెలుసు. మా ఆయన రెండూ చేశాడు. అయినా బందీ ఎత్తేస్తామంటే నేను ఒప్పుకోను.

ఎందుకంటే మా సంఘం ఆడవాళ్లం సారా కుండలు పగలగొట్టడానికి పోతే అవతలివాడు నోరెత్తలేడు. చట్టం మా వైపు ఉంది. అదే లైసెన్సు దుకాణమైతే, గొడవ చేస్తున్నారని పోలీసులు మమ్మల్నే జీపెక్కిస్తారు. ఇప్పుడు ఎండీ, బ్రౌన్ షుగర్ (కల్తీ హెరాయిన్) వాడటం తప్పు కాదని సర్కారే చెబితే, పదిహేనేళ్ల పిల్లాడు తల్లి మాట ఎందుకు వింటాడు? "అమ్మా, ఇది కేసు కాదులే" అంటాడు. పోలీసులంటే ఉన్న ఆ కాస్త భయమూ పోతే ఆ తల్లి చేతిలో మిగిలేదేంటి?

రాజురా లారీ:

వదినా, మీది గడ్చిరోలి. మాది పక్కనే చంద్రపూర్, మాకు బందీ పెట్టినప్పుడూ చూశాం, తీసినప్పుడూ చూశాం. 2015 ఏప్రిల్లో పెట్టారు, 2021లో ఎత్తేశారు. బందీ ఉన్నన్నాళ్లు క్వార్టర్ సీసా నేరుగా ఇంటికొచ్చేది, రేటు రెండింతలు. మోసేది మా గల్లీ పిల్లలే. తెలంగాణ బార్డర్ అవతల దుకాణాలు సాయంత్రమైతే జాతర. బందీ ఎత్తేశాక మోసేవాళ్లు పోయారు. తాగేవాళ్లు అట్లాగే ఉన్నారు.

అందుకని సారాకూ ఎండీకీ ఒకే లెక్క అని నేననను. కానీ ఒక మాట. టెంపో డ్రైవరు మత్తు కోసమే ఎండీ మొదలుపెట్టాడని ఎవరు చెప్పారు? ఫీల్డులో చాలామంది మొదలుపెట్టేది నిద్ర ఆపుకోవడానికి. ఒక ట్రిప్పు దింపగానే ఓనరు ఇంకో లోడు కట్టిస్తాడు, లేట్ అయితే కిరాయి కోత. ఆ ఓనరు మీద ఎవరూ కేసు పెట్టరు.

దెగ్లూర్ సిస్టర్:

బాబూ, నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. పుట్టిల్లు బిలోలి తాలూకా, ఉద్యోగమంతా నిజామాబాద్ వైపు, ఇప్పుడు ఉండేది దెగ్లూర్‌లో. చూసినవాళ్లు చెప్పమన్నావు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

2015 సెప్టెంబర్లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ వాళ్లు గట్టిగా పడ్డారు. మంచి పనే. ఎవరూ కాదనరు. కానీ కల్లులో కలిపే మత్తు మందు ఒక్కసారిగా ఆగిపోయేసరికి రెండు మూడు రోజుల్లో దవాఖానాలకు జనం. వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులు. లేని పురుగుల్ని ఒంటిమీంచి దులుపుకునేవాళ్లు, కట్టుకున్న మొగుణ్ణే గుర్తుపట్టని ఆడవాళ్లు. మా వార్డులో ఒక బీడీల అమ్మ ఉండేది. చేతిలో ఏమీ లేకుండానే ఆకు కత్తిరించడం, తంబాకు పెట్టడం, చుట్టి దారం కట్టడం, పక్కన పెట్టడం. రాత్రంతా అదే పని. మధ్యలో నన్ను చూసి, "కట్టలు లెక్కపెట్టుకో సారూ" అనేది. నన్ను కార్ఖానా సేఠ్ అనుకుంది పాపం. వాళ్లెవరూ తాము డ్రగ్స్ తీసుకుంటున్నామని అనుకోలేదు. కల్లు తాగుతున్నాం అనుకున్నారు.

దీంట్లోంచి నాకు అర్థమైందొకటే. సరుకు ఆపడం ఒక పని, మనిషిని ఆపడం ఇంకో పని. మొదటిది పోలీసులు చేస్తారు. రెండోది మాత్రం వాళ్ల చేతుల్లో పెట్టకూడదు.

ఏ మందు ఎట్లా మాన్పించాలో కూడా ఒకటే దారి లేదు. ఆల్ప్రాజోలం, సారా ఒక్క దెబ్బలో ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెం తగ్గించాలి. లాకప్‌లో ఎవరు తగ్గిస్తారు? బ్రౌన్ షుగర్ మానితే ఒళ్లంతా విరిచేసినట్టు ఉంటుంది, వాంతులు, విరేచనాలు, కానీ దానికి బుప్రినార్ఫిన్ అనే బదులు మందు ఉంది. సర్కారీ సెంటర్లలో రోజూ నాలుక కింద పెట్టించి పంపిస్తారు. మనిషి పనికి కూడా పోగలడు. ఇక జైలుకు పోయొచ్చిన బ్రౌన్ షుగర్ మనిషి మీద మరీ కన్నేసి ఉంచాలి. లోపలున్న నెలల్లో ఒంటికి ఓర్పు తగ్గిపోతుంది. బయటికి రాగానే పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. శిక్ష పడింది నెలలకు, చచ్చేది బయటికొచ్చిన వారంలో.

ఎండీకి అట్లాంటి బదులు మందు లేదు. నిద్ర, తిండి, దిగులుకు వైద్యం, కౌన్సెలింగ్. మానిన మొదటి వారాల్లో దిగులు బాగా కమ్ముతుంది. అప్పుడు ఒంటరిగా వదలకూడదు. ఆ అమ్మకు ఇది తప్పకుండా చెప్పు.

అయితే చట్టం తీసేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోవద్దు. మా అబ్బాయి అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ 2020 నవంబర్లో జనమే ఓటేసి, ఏ డ్రగ్ అయినా కొంచెం దగ్గరుంటే జైలు లేదన్నారు. 2021 ఫిబ్రవరి నుంచి అమలు. పట్టుబడితే వంద డాలర్ల చలాన్, ఫలానా నంబరుకు ఫోన్ చేసి మాట్లాడితే అదీ మాఫీ. ఎవరు చేస్తారు ఫోన్? చలాన్ కట్టకపోయినా ఏమీ కాలేదు. వైద్యానికి ఇస్తామన్న డబ్బు ఆలస్యంగా చేరింది, అదే సమయంలో ఫెంటానిల్ అనే ఘాటు మత్తు మందు ఊరిమీద పడింది. నేను వెళ్లినప్పుడు పోర్ట్‌లాండ్‌లో రైలు స్టేషన్ మెట్ల మీద పట్టపగలు రేకు మీద కాల్చి పీలుస్తున్నారు, జనం చుట్టూ తిరిగి పోతున్నారు. చివరికి 2024 సెప్టెంబర్ నుంచి మళ్లీ నేరం చేశారు.

పోర్చుగల్‌లో ఆ ముగ్గురి కమిటీ పిలుస్తుంది, కూర్చోబెట్టి అడుగుతుంది, బానిసైతే డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆ డాక్టరు అక్కడ ఉంటాడు, అదీ తేడా. మన తాలూకాలో ఎక్కడున్నాడు చూపించు. నా ఓటు మాత్రం వాడేవాణ్ణి జైలుకు పంపొద్దనే. కానీ ముందు దవాఖానాల్లో మంచాలు, తర్వాత చట్ట సవరణ.

సిరొంచ చెల్లీ, నువ్వు చెప్పిన బలం నాకు అర్థమైంది. కానీ మీ కుండలు పగిలేది కాసేవాడి ఇంట్లో. తాగేవాడి ఇంట్లో కాదు కదా?

ఇంకోటి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ అనగానే పంపించెయ్యొద్దు బాబూ. మా వీధి కుర్రాణ్ణి ఒకచోట చేర్పిస్తే నెల తర్వాత చీలమండకు గొలుసు మచ్చతో వచ్చాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులు వెయ్యడం నిషేధం. రిజిస్ట్రేషన్ కాగితం అడిగి చూడండి. 14446కు ఫోన్ చేస్తే సర్కారు సాయంతో నడిచే సెంటర్లు చెబుతారు.

నాందేడ్ వకీల్:

ముందు ఆ పొట్లం సంగతి. అమ్మ దాన్ని కొంగున కట్టుకుని రోడ్డు మీద నడవడమే ప్రమాదం. మీరు ముట్టుకోకపోవడం మంచిదైంది. ఆమెను కూడా మొయ్యొద్దని చెప్పండి.

చట్టం అందరూ అనుకున్నంత గుడ్డిది కాదు, అనుకున్నంత దయగలదీ కాదు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో బరువును బట్టి శిక్ష. ఎండీకి 2 గ్రాముల దాకా తక్కువ పరిమాణం, 50 గ్రాములు దాటితే వ్యాపార పరిమాణం. హెరాయిన్‌కు 5, 250. తక్కువలో ఉంటే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. వ్యాపార పరిమాణమైతే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, బెయిల్ దొరకడం సెక్షన్ 37 వల్ల గగనం. కేవలం వాడినందుకు సెక్షన్ 27, మందును బట్టి ఆరు నెలలు లేదా ఏడాది దాకా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అసలు మందు ఎంతుందని కాదు, కలిపిన పొడితో సహా మొత్తం బరువే లెక్క అని తేల్చింది. అంటే కల్తీ సరుకు కొన్న పేదవాడి పొట్లమే ఎక్కువ తూగుతుంది. కల్తీ చేసినవాడు లాభపడ్డాడు, కొన్నవాడు గ్రాములు మోశాడు.

ఇక అసలు ప్రశ్న. సెక్షన్ 64ఏ అని ఒకటి ఉంది. బానిసైనవాడు, తక్కువ పరిమాణం కేసైతే, సర్కారు గుర్తించిన చోట తనంతట తాను వైద్యానికి చేరి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు. మధ్యలో మానేస్తే అది పోతుంది. పోర్చుగల్ తలుపు మన చట్టంలో ఎప్పటినుంచో ఓరగా తెరిచే ఉంది. నా ప్రాక్టీసులో దాన్ని అడిగేవాళ్లే అరుదు. నిందితుడికి తెలియదు, తెలిసినా చేరడానికి గుర్తింపున్న చోటు దగ్గర్లో ఉండదు. 2021లో సామాజిక న్యాయ శాఖ, సొంత వాడకానికి కొద్దిగా దగ్గరుంటే నేరంగా చూడొద్దని ప్రతిపాదించింది కూడా. చట్టం మాత్రం మారలేదు.

నాకు సిస్టర్ గారి మాటే సబబు. కాకపోతే మంచాలు వచ్చేదాకా ఆగితే మంచాలు రావు. వాడకం నేరంగా ఉన్నన్నాళ్లు సర్కారు డబ్బు స్టేషన్లకే పోతుంది. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు 2.26 కోట్లు. అందరినీ పెట్టడానికి జైళ్లున్నాయా?

ధర్మాబాద్ మెడికల్:

అందరికీ థ్యాంక్స్. ఆ అమ్మ ఇవాళ వచ్చింది. పొట్లం ఇప్పుడు లేదు, మోరీలో వేసి నీళ్లు కొట్టిందట. కొడుకు రాత్రంతా ఇల్లు గిలకొట్టి వెతికాడట.

సిస్టర్ గారు రాసింది చదివి వినిపించాను. స్టేషన్‌కు పోవద్దన్నాను. దవాఖానాకు పోదామని కొడుకుని అడిగిందట. వాడు తిట్టలేదు, కొట్టలేదు. "అక్కడ పోలీసులుంటారా?" అని ఒక్కటే అడిగాడట. అది విన్నాక నేను మా పెదనాన్న కొడుకు వైపు వచ్చేశాను, బామ్మర్ది ఏమనుకున్నా సరే. ఆ ఒక్క భయం లేకపోతే వాడు పోయినేడే వచ్చేవాడేమో. అమ్మేవాడి మీద మాత్రం చట్టం వెంట్రుకవాసి కూడా సడలొద్దు, అందులో సిరొంచ అక్కతోనే ఉన్నాను.

సిరొంచ అంగన్‌వాడీ:

మీరు మనసు మార్చుకున్నా నేను మార్చుకోలేదు అన్నా. వాడు అడిగాడు సరే, రేపు పొద్దున లేచి రాననంటే? మా దగ్గర తాగుడు మాన్పించే ముక్తిపథ్ వాళ్లు తాలూకాలో క్లినిక్ పెడతారు, వైద్యం లేదని కాదు. తీసుకుపోవడానికి ఇంటాయన కాలు కదలాలి కదా. మా ఆయన కదిలింది సంఘం వాళ్లు పోలీసుల్ని పిలుస్తామన్నాకే. భయం కూడా మందే, మోతాదు చూసి వాడాలి.

అవునూ, ఆ కుర్రాడికి అమ్మిందెవరో అడిగారా?

ధర్మాబాద్ మెడికల్:

అడిగిందట. వేరే ఎవరో కాదు, అదే అడ్డాలో తోటి డ్రైవర్. వాడూ వాడతాడు. వాడి వాటా తీసుకుని మిగతాది నలుగురికి ఇస్తాడు. తన కొడుకు కూడా ఒకట్రెండు సార్లు అట్లా తెచ్చిచ్చాడని ఆ అమ్మకు అనుమానం.

నాందేడ్ వకీల్:

ఇదే చిక్కు. వాడేవాడు వేరు, అమ్మేవాడు వేరు అని మనం ఇక్కడ గీత గీసేశాం గానీ అడ్డాలో ఇద్దరూ ఒకడే. పోర్చుగల్‌లో కూడా గీత ఎక్కువగా బరువును బట్టే. ఇట్లాంటి చోట సెక్షన్ 29 కింద కుట్ర కూడా కలిపి, ఎవరి దగ్గరో దొరికిన సరుకును వీడి లెక్కలోకి లాగడానికి చూస్తారు. ఫోన్‌పేలో డబ్బులు వచ్చినట్టు ఉంటే ముందు నా దగ్గరికి రమ్మనండి. దవాఖానాకు తర్వాత పోవచ్చు.

దెగ్లూర్ సిస్టర్:

వకీలు గారూ, రెండూ నాందేడ్‌లోనే కదా. ఓపీ చీటీలు మధ్యాహ్నానికల్లా ఆపేస్తారు, మీ ఆఫీసు రాత్రి దాకా తెరిచి ఉంటుంది. ముందు చీటీ తీసుకోనివ్వండి. బాబూ, తల్లిని ఒక్కదాన్నే పంపొద్దు, మగమనిషి ఎవరైనా తోడుండాలి. ఆధార్ కార్డు, రెండు పూటలకు తిండి తెచ్చుకోమను.